ఆదివారం పాత చౌక్‌లో ఫొటోల పని

అందరికీ నమస్తే. ఈ ఆదివారం పొద్దున్న 6:30కి పాత చౌక్‌లో గడియార స్తంభం దగ్గర కలిసి అక్కడి భవనాల ఫొటోలు తీద్దాం, ఎండ ఎక్కకముందే పని అయిపోవాలి.

మూలనున్న రెండంతస్తుల ఇల్లు కూల్చేశారు, చూసే ఉంటారు. పక్కింటి గోడ మీద దాని మెట్ల గుర్తులు మాత్రం మిగిలాయి, పైన ఒక దీపపు గూడు, ఇంకా మసితోనే. ఆ ఇంటి ఫొటో సరైనది మన దగ్గర ఒక్కటీ లేదు, సిగ్గుచేటు.

రెండో ప్రపంచ యుద్ధంలో నేలమట్టమైన పోలండ్ రాజధాని వార్సాలోని పాత పట్టణాన్ని మార్కెట్ చౌక్‌తో సహా మళ్లీ కట్టగలిగారంటే, అంతకుముందు ఆర్కిటెక్చర్ విద్యార్థులు కొలిచి గీసిన డ్రాయింగులు, 18వ శతాబ్దపు చిత్రకారుడు బెల్లోట్టో వేసిన పెయింటింగులు ఉండబట్టే. 1980లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకీ ఎక్కింది.

ఒక్కొక్కరు ఒక్కో భవనం తీసుకుని, శుక్రవారంలోగా ఇక్కడే చెప్పండి. ముందు ఎదురుగా నిలబడి మొత్తం ఒకటి, తర్వాత తలుపులు, కిటికీలు దగ్గర్నుంచి. పక్కన టేపు పెట్టండి, లేకపోతే కొలత తెలీదు. సున్నపు గోడకి సిమెంట్ పూసిన చోట్లు వదలొద్దు, తేమ బయటికి పోలేక లోపల ఇటుక పొడైపోతోంది.

ఫిల్టర్లు వద్దు. అడక్కుండా ఎవరింట్లోకీ వెళ్లొద్దు. ఫోన్ ఫుల్ ఛార్జింగ్ మర్చిపోకండి, పోయినసారి నలుగురివి మధ్యలోనే ఆగిపోయాయి!