వార్షిక నివేదిక 2024–25: మన చుట్టుపక్కల సర్కారు బడుల పరిశీలన

సభ్యులకు నమస్కారం.

పిల్లల్ని ఏ సర్కారు బడిలో వేయాలని ఎవరైనా అడిగితే దేన్ని చూసి చెప్పాలి? విద్యా ఉపసంఘం ఈ ఏడాది చేసిన పనంతా దీని కోసమే. పదో తరగతి ఫలితాలను పక్కన పెట్టాం. ఇరవై మంది పరీక్ష రాసిన బడిలో ఒక్కరు తప్పితే ఉత్తీర్ణత 5 శాతం పడిపోతుంది. పైగా ఆ అంకె ప్రైమరీ గురించి ఏమీ చెప్పదు.

విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైమరీలో 30 మందికి, 6–8 తరగతుల్లో 35 మందికి ఒక టీచరు ఉండాలి. 40 మంది పిల్లలకు ఇద్దరు టీచర్లుంటే కాగితం మీద బ్రహ్మాండమే. కానీ ఐదు తరగతులూ ఆ ఇద్దరే చెప్పాలి. ఒకరు సెలవు పెడితే అన్నీ రెండోవారి నెత్తినే. అందుకే మంజూరైన పోస్టులెన్ని, డిప్యుటేషన్‌పై బయట ఉన్నదెవరు, ఆ రోజు పాఠం చెబుతున్నదెవరు అని విడివిడిగా రాసుకోవాలి.

అసలు సంగతి చదవడంలో తేలుతుంది. పల్లె పిల్లల చదువు, లెక్కలు ఇంటింటికీ వెళ్లి పరీక్షించే అసర్ సర్వే తరహాలో ఐదో తరగతి పిల్లలకు రెండో తరగతి స్థాయి కథ ఇవ్వాలి. పాఠ్యపుస్తకంలోది ఇవ్వొద్దు, చూడకుండానే అప్పజెప్పేస్తారు. ఒత్తుల దగ్గర ఎంతసేపు ఆగుతున్నారో గమనించాలి. 52లోంచి 27 తీసేయమంటే 35 వేశారంటే అప్పు తెచ్చుకోవడం రాలేదు, 7లోంచి 2 తీసేశారు. 824ని 8తో భాగిస్తే 13 వచ్చిందంటే మధ్యలో సున్నా పెట్టడం తెలియలేదు. తప్పు ఎక్కడుందో రాసిస్తేనే టీచరుకు పనికొస్తుంది, 'గణితం బలహీనం' అని రాస్తే ఎవరికీ పనికిరాదు.

పిల్లల్ని ఎంచమని బడివాళ్లకు వదిలేస్తే చురుకైనవాళ్లే ముందుకొస్తారు, అది సహజం. రిజిస్టరులో ప్రతి ఐదో పేరు తీసుకోవాలి. ఆ రోజు రాని పిల్లల్ని సాయంత్రం ఇంటి దగ్గర చూడాలి. తరచూ మానేసేవాళ్లే ఎక్కువగా వెనకబడతారు, వాళ్లను వదిలేస్తే బడి ఉన్నదానికంటే మెరుగ్గా కనిపిస్తుంది.

మధ్యాహ్న భోజనానికి కొలత: 1–5 తరగతులకు తలకు బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, 6–8కి 150, 30, 75. కంచాలు లెక్కపెట్టి హాజరు పట్టీతో సరిచూస్తే చాలు. పప్పు పలచబడిందంటే తప్పంతా వంటవాళ్లదే అనుకోవద్దు, బిల్లులు ఆగాయేమో ముందు అడగండి.

మరుగుదొడ్డి ఉందా అని కాదు, తాళం చెవి ఎవరి దగ్గరుంది, కుళాయిలో నీళ్లొస్తున్నాయా అని చూడాలి.

బడులకు ర్యాంకులు ఇవ్వలేదు, ఇవ్వబోం. బడికి వెళ్లేముందు హెడ్‌మాస్టరు, ఎంఈవో (మండల విద్యాధికారి)ల అనుమతి తప్పనిసరి. వచ్చే ఏడాది ఆగస్టులో ఒకసారి, ఫిబ్రవరిలో అదే పిల్లలతో మరోసారి చూద్దామని ప్రతిపాదిస్తున్నాం. కథ మాత్రం మార్చాలి. బడికి వచ్చి పిల్లలతో కథ చదివించి చూడగల సభ్యులు జూన్‌లోగా ఉపసంఘానికి పేరివ్వండి.