సీసాలు ఎందుకు పొంగాయంటే: మా తెల్ల బీరు కిట్ గురించి

ఇంట్లోనే బెల్జియన్ తెల్ల బీరు (గోధుమతో చేసే, మబ్బుగా ఉండే బీరు) చేసుకునే కిట్ మా దగ్గర కొన్న అందరికీ నమస్కారం.

ముందు జాగ్రత్త చెప్పి తర్వాత సంగతిలోకి వస్తాను. మీ కిట్ పెట్టె మూత మీద ‘గ’ అనే అక్షరం ఉండి, ఆ బీరు ఇప్పటికే గాజు సీసాల్లో ఉంటే, లోపలి గ్యాసు ఒత్తిడికి అవి పగిలిపోవచ్చు. వాటిని ఊపొద్దు, ఎత్తి వెలుతురుకు పట్టి చూడొద్దు, పిల్లలు తిరిగే చోట ఉంచొద్దు. కళ్లను పూర్తిగా కప్పే రక్షణ అద్దాలు పెట్టుకోండి. మందపాటి గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. పెట్టె మీద దుప్పటి కప్పి, పెట్టెతో సహా ఫ్రిజ్‌లోకి చేర్చండి. ఒక రోజంతా చల్లబడ్డాక, అవే గ్లవ్స్, అద్దాలతో ఒక్కో సీసాకీ గుడ్డ చుట్టి, సింకులో మూత తీసి పారబోయండి. చల్లటి బీరు గ్యాసును ఎక్కువగా పట్టి ఉంచుతుంది కాబట్టి సీసా లోపల ఒత్తిడి తగ్గుతుంది, బీరును పులియబెట్టే ఈస్ట్ కూడా మందగిస్తుంది. ప్లాస్టిక్ సీసాల్లో పోసుకున్నవాళ్లకు ఇంత భయం అక్కర్లేదు. సీసా రాయిలా గట్టిపడితే మూత కాస్త వదులు చేసి, గ్యాసు పోనిచ్చి, మళ్లీ బిగించండి. రోజూ ఒకసారి పట్టి చూడండి.

ఇక సంగతి. తప్పు మాది.

ఇంత సూటిగా చెప్పడానికి నాకు మూడు వారాలు పట్టింది. సీసా తెరవగానే సగం బీరు పైకప్పుకు తగిలిందని మొదట రాసిన ఇద్దరికీ నేనిచ్చిన జవాబు, ‘సీసాలు శానిటైజర్‌తో సరిగ్గా కడిగారా?’ అని. కిట్లు అమ్మేవాళ్లకు ఇదొక అలవాటు. ఏం జరిగినా ముందు కొన్నవాళ్ల చేతుల మీదికి నెట్టేస్తాం. నిజానికి బయటి సూక్ష్మజీవులు చేరినా సీసాలు పొంగుతాయి, కాబట్టి ఆ ప్రశ్న పూర్తిగా అడ్డగోలుదేం కాదు. కానీ అడిగేముందు, ఎలా చేయాలో చెబుతూ కిట్‌లో పెట్టిన నా కార్డు నేను ఒకసారి చదువుకోవాల్సింది. ఆ ఇద్దరికీ విడిగా క్షమాపణ చెప్పాను. ఇక్కడ అందరి ముందూ చెబుతున్నాను.

మూడోసారి రాసినావిడ నా ప్రశ్న కోసం ఆగలేదు. పొంగిన సీసాలో మిగిలిన బీరును ఒక రాత్రంతా గ్లాసులో వదిలేసి, గ్యాసు పోయాక తన సొంత హైడ్రోమీటర్ (ద్రవం సాంద్రత కొలిచే గాజు గొట్టం) ముంచి చూశారు. 1.017. పుల్లటి వాసన లేదు, చెడ్డ రుచి లేదు, తీపి మాత్రం ఉంది అని రాశారు. ఆ అంకె చదివాక నేనూ మా తమ్ముడూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

కొత్తగా మొదలుపెట్టినవాళ్ల కోసం ఆ అంకె ఏమిటో చెబుతాను. నీటి సాంద్రత 1.000 అనుకుంటే, మా కిట్‌లోని 620 గ్రాముల గోధుమ మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన గింజ) ఎక్స్‌ట్రాక్ట్ పొడి కలిపిన 5 లీటర్ల ద్రవం 1.046 దగ్గర మొదలవుతుంది. ఆ 46 పాయింట్లూ అందులో కరిగిన చక్కెరల బరువే. ఈస్ట్ చక్కెరను తినేకొద్దీ అంకె దిగుతుంది. 1.010, 1.012 ప్రాంతంలో ఆగాలి, అప్పుడు ఆల్కహాల్ నాలుగున్నర శాతం చుట్టుపక్కల ఉంటుంది. అంతకుముందే మూత బిగిస్తే మిగిలిన చక్కెరను ఈస్ట్ సీసాలోనే తింటుంది, ఆ గ్యాసు బయటికి పోయే దారి ఉండదు.

ఎంత గ్యాసు? లీటరు బీరులో ఎన్ని లీటర్ల కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉందో చెప్పే లెక్కను వాల్యూములు అంటారు. మామూలు బీరుకు రెండున్నర. మా కార్డు ప్రకారం సీసాలకు ఎక్కించే ముందు వేసే 35 గ్రాముల చక్కెరతో ఈ తెల్ల బీరుకు 2.7 దాకా వస్తుంది, అది బాగానే ఉంటుంది. అయితే పులియకుండా మిగిలిన ప్రతి రెండు సాంద్రత పాయింట్లకూ సుమారుగా ఇంకో వాల్యూము చేరుతుంది. 1.018 దగ్గర ఎక్కించిన బీరు 1.010 దాకా దిగిందనుకోండి, 8 పాయింట్లు, అంటే 4 వాల్యూములు అదనం. ముందు చెప్పిన 2.7తో కలిపి 6.7. షాంపేన్‌లో ఉండేది ఆరు దగ్గర, అందుకే ఆ సీసా అంత మందంగా, అంత బరువుగా ఉంటుంది. మామూలు బీరు సీసాను అలాంటి పనికి తయారు చేయలేదు.

మరి హైడ్రోమీటర్ ఏమైంది? మొదటి రెండు విడతల కిట్లలో ఉండేది. పల్చటి గాజు గొట్టం, రవాణాలో పగిలిపోయేది. పగిలిన ప్రతిదానికీ ఇంకొకటి పంపేవాళ్లం, పెట్టెలో గాజు పెంకులున్నాయని తిట్లు తినేవాళ్లం. మూడో విడతలో, అంటే ఈ ‘గ’ విడతలో, దాన్ని తీసేశాం. తమ్ముడు వద్దన్నాడు. నేనే వాదించి తీయించాను. దాని బదులు కార్డు మీద ‘ఎయిర్‌లాక్‌లో బుడగలు ఆగాక రెండు రోజులు చూసి సీసాలకు ఎక్కించండి’ అని రాశాను. ఎయిర్‌లాక్ అంటే పులిసే డబ్బా మూతకు పెట్టే, గ్యాసును బయటికి మాత్రమే వదిలే నీళ్ల గొట్టం. కార్డు మీది వాక్యం నాదే, ఎక్కడా కాపీ కొట్టింది కూడా కాదు.

బుడగలు చెప్పేది గ్యాసు ఎయిర్‌లాక్ గుండా పోతోందా లేదా అన్నదే. మూత రబ్బరు సరిగ్గా కూర్చోకపోతే గ్యాసు పక్క నుంచి పోతుంది, రెండో రోజే బుడగలు ఆగిపోతాయి. గదిలో చలి పెరిగితే ఈస్ట్ నెమ్మదిస్తుంది, పైగా చల్లబడ్డ బీరు గ్యాసును తనలోనే దాచుకుంటుంది, అప్పుడూ బుడగలు ఆగుతాయి. ఈ విడత చాలామందికి చేరింది సరిగ్గా చలి మొదలైన వారంలో. దానికి తోడు ఈ రకం ఈస్ట్ స్వభావం ఒకటుంది. మొదట్లో జోరుగా పొంగుతుంది, చివరి పాయింట్ల దగ్గర మాత్రం కాళ్లీడుస్తుంది. పైన నురగ తెట్టు పోకుండా రోజుల తరబడి అలాగే ఉంటుంది. చూసి చెప్పగలిగేది ఏమీ ఉండదు. ఈ బీరుకే కొలత అన్నిటికంటే ఎక్కువ అవసరం, నేను దీని పెట్టెలోంచే కొలిచేది తీసేశాను.

మీ బీరు ఇంకా పులిసే డబ్బాలో, అంటే ఫర్మెంటర్‌లోనే ఉంటే అదృష్టమే అనుకోండి. 20 నుంచి 22 డిగ్రీలుండే చోటికి మార్చి, అడుగున కూర్చున్న ఈస్ట్ లేచేలా డబ్బాను నెమ్మదిగా గుండ్రంగా తిప్పండి. గాలి కలిసేలా కుదపకండి. మేం పంపుతున్న హైడ్రోమీటర్ అందేదాకా మూత తీయకండి. అందాక ముందు దాన్ని మంచినీళ్లలో ముంచి 1.000 చూపిస్తోందో లేదో చూసుకోండి, మాది 20 డిగ్రీల లెక్కతో చేసింది. బీరులో ముంచాక ఒకసారి గిర్రున తిప్పి వదలండి. గొట్టానికి అంటుకున్న బుడగలు దాన్ని పైకి ఎత్తి అంకెను తప్పుగా చూపిస్తాయి. మూడు రోజుల తేడాతో తీసిన రెండు కొలతలూ ఒకటే రావాలి, అదీ 1.012 లేదా అంతకు దిగువన. రెండుసార్లూ 1.018 వచ్చిందంటే పులియడం పూర్తయిందని కాదు, మధ్యలో ఆగిపోయిందని. అలా అయితే సీసాలకు ఎక్కించకుండా మాకు రాయండి. కొలిచిన బీరును మళ్లీ ఫర్మెంటర్‌లో పోయొద్దు, తాగేయండి. గ్యాసు లేని పచ్చి బీరు కూడా అంత చెడ్డగా ఉండదు.

ఎలాగూ ఒప్పుకోవడం మొదలుపెట్టాను కాబట్టి ఇంకొకటి. మా పెట్టె మీద ‘హోగార్డెన్ గ్రామపు అసలు పద్ధతి’ అని రాసి ఉంటుంది. అది తీసేస్తున్నాం. బెల్జియంలోని ఆ ఊళ్లో తెల్ల బీరు చేసే చివరి బ్రూవరీ 1950ల్లో మూతబడింది. చిన్నప్పుడు అందులో సాయం చేసిన పియెర్ సెలిస్ అనే పాలవ్యాపారి 1966లో మళ్లీ చేయడం మొదలుపెట్టాడు. ఈ రోజు ప్రపంచంలో ఎక్కడ తెల్ల బీరు చేసినా, ధనియాలూ నారింజ తొక్కా వేసినా, చాలావరకు ఆయన చలవే. అయితే ఆ పద్ధతికి ప్రాణం మొలకెత్తించని గోధుమ. సగం దాకా అదే పడుతుంది, మిగతాది బార్లీ మాల్ట్, కొంచెం ఓట్స్. మొలకెత్తించని గోధుమలో పిండి పదార్థం ఉంటుంది కానీ దాన్ని చక్కెరగా మార్చే ఎంజైములు చాలవు. బార్లీ మాల్ట్‌తో కలిపి 65 డిగ్రీల దగ్గర గంటసేపు నానబెడితేనే ఆ పని జరుగుతుంది. మా కిట్‌లో ఉన్నది మొలకెత్తించిన గోధుమ నుంచీ బార్లీ నుంచీ తీసిన ఎక్స్‌ట్రాక్ట్. వేడినీళ్లలో కలుపుకుంటే చాలు, అదే దాని సుఖం. కానీ పచ్చి గోధుమ ఇచ్చే ఆ పల్చటి పులుపు, నాలుక మీది మెత్తదనం ఇందులో తక్కువ. మంచి బీరే, నేనిప్పటికీ తాగుతాను. ‘అసలు పద్ధతి’ మాత్రం కాదు.

ఫ్రిజ్‌లో నెల రోజులుంచితే బీరు తేటపడిపోతోంది, తెల్ల బీరు అన్నారు కదా అని కొందరు అడిగారు. దానికీ కొంతవరకు కారణం పచ్చి గోధుమ లేకపోవడమే. మరగబెట్టేటప్పుడు చెంచాడు గోధుమపిండి వేస్తే మబ్బు వస్తుంది, చాలామంది వేస్తారు కూడా. కిట్‌లో ఓ చిన్న పొట్లం పెడదామా అని మేమూ అనుకున్నాం, వద్దనుకున్నాం. రంగు కోసం పిండి కలిపి అమ్మడం నాకు నచ్చలేదు. మీ వంటింట్లో మీరు వేసుకుంటే నాకేం అభ్యంతరం లేదు.

ధనియాల గురించి ఒక్క మాట. కొత్త కార్డులో ‘పొడి చేయండి’ బదులు ‘పలుకులుగా దంచండి’ అని మార్చాం. మరగబెట్టడంలో చివరి 5 నిమిషాలకే వేయండి.

ఇప్పుడు మేం చేస్తున్నది: ‘గ’ విడత కొన్న ప్రతి ఒక్కరికీ, అడిగినా అడగకపోయినా, హైడ్రోమీటరూ కొత్త కార్డూ పంపుతున్నాం. ఈసారి గట్టి ప్లాస్టిక్ గొట్టంలో, పైన స్పాంజి చుట్టి. తమ్ముడు నాలుగు పెట్టెలు మెట్ల మీంచి కిందికి విసిరి చూశాడు, నాలుగూ బతికాయి. బీరు పారబోసినవాళ్లకు ఎక్స్‌ట్రాక్ట్, ఈస్ట్, మసాలా పొట్లం మళ్లీ పంపుతాం. ఫొటోలూ రుజువులూ అడగం. సీసాలు పగిలి ఇంకేదైనా పాడైతే అదీ రాయండి, మాట్లాడుకుందాం. ఇకమీదట కిట్ ధర కొంచెం పెరుగుతుంది, హైడ్రోమీటర్ ఖర్చు మేరకే. మొలకెత్తించని గోధుమతో చేసే కిట్ కూడా తేవాలని ఉంది. మూడుసార్లు ప్రయత్నించాం, ఒకసారి గుడ్డ సంచిలోంచి చుక్క దిగకుండా గంజిలా బిగుసుకుపోయింది. అది కుదిరేదాకా అమ్మం.

‘గ’ విడతలోదే ఒక కిట్ నేనూ పెట్టి చూస్తున్నాను, నేను రాసిన పాత కార్డు ప్రకారమే. దాని బుడగలు ఆగి నాలుగు రోజులైంది. కార్డు మాట వింటే మొన్ననే సీసాలకు ఎక్కించేసి ఉండాలి. నిన్న కొలిస్తే 1.019, ఇవాళ పొద్దున 1.018.