టెండర్ పిలిచే ముందు శాఖల సత్తా కొలవండి: ఐటీ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ ఐటీ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

ప్రభుత్వం మొత్తానికీ ఒకే ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ (శాఖల పనులు, డేటా, సాఫ్ట్‌వేర్ ఒకదానితో ఒకటి ఎలా కలవాలో చెప్పే ఉమ్మడి ప్రణాళిక) ఉండాలన్న ఆలోచన, శాఖలన్నిటినీ కలిపేందుకు రాష్ట్రం తలపెట్టిన ఈ-ప్రగతి కార్యక్రమం నాటి నుంచీ మన రాష్ట్రానికి తెలిసిందే. కేంద్రం రూపొందించిన ఇండియా ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్‌లో ఎనిమిది రిఫరెన్స్ మోడళ్లూ (శాఖలు అనుసరించదగ్గ నమూనాలు) సిద్ధంగా ఉన్నాయి. ప్రణాళిక ఎలా గీయాలో చెప్పే పత్రాలకు కొదవ లేదు. గీసినదాన్ని నడిపే సత్తా ఏ శాఖకు ఎంత ఉందో ముందుగా కొలవండి. మేము కోరేది అదే.

కొలబద్దను కొత్తగా కనిపెట్టక్కర్లేదు. అమెరికా వాణిజ్య శాఖ తయారుచేసిన మెచ్యూరిటీ మోడల్‌లో (ఆర్కిటెక్చర్‌ను నడిపే సత్తా ఎంత పరిణతి చెందిందో కొలిచే పద్ధతి) తొమ్మిది అంశాలున్నాయి, ఒక్కోదానికి 0 నుంచి 5 వరకు స్థాయి. చిక్కల్లా సగటుతోనే. ఆరు అంశాల్లో 4 వచ్చి, పై అధికారుల భాగస్వామ్యం, గవర్నెన్స్, కొనుగోళ్లు అనే మూడింట్లో 1 చొప్పున వచ్చినా సగటు 3 అవుతుంది. కాగితం మీద ఆ శాఖ బాగున్నట్టే కనిపిస్తుంది. కానీ ఆ మూడూ బలహీనంగా ఉన్నచోట ఎంత మంచి డిజైనైనా అమలు కాదు. అందుకే సగటును పక్కనపెట్టి, అతి తక్కువ మార్కు ఎక్కడ వచ్చిందో చూడమంటున్నాం.

మార్కు మాట మీద కాక ఆధారం మీద వేయాలి. ఐటీ ప్రతిపాదనలు ఉమ్మడి ప్రణాళికకు సరిపోతాయో లేదో చూసే ఆర్కిటెక్చర్ బోర్డు ఏడాది మినిట్స్ తెప్పించండి. ఒక్క ప్రతిపాదనైనా వెనక్కి పంపని బోర్డు సంతకాలకే పరిమితమైందని అర్థం, దానికి 2కి మించి ఇవ్వకూడదు. ప్రతి అప్లికేషన్‌కూ సోర్స్ కోడ్, అడ్మిన్ పాస్‌వర్డ్, డేటా డిక్షనరీ (ఏ డేటాకు ఏమిటి అర్థమో చెప్పే జాబితా) ఎవరి చేతిలో ఉన్నాయో అడగండి. మూడూ వెండర్ దగ్గరే ఉంటే, కాంట్రాక్టు ముగిసిన రోజున శాఖ చేతిలో మిగిలేది తెర ఒక్కటే.

డేటా సంగతి మరీ ముఖ్యం. ఒకే రైతు పేరు భూమి రికార్డులో ఇంటిపేరుతో, బ్యాంకు ఖాతాలో పొడి అక్షరాలతో, మరోచోట వేరే ఇంగ్లిష్ స్పెల్లింగుతో ఉండొచ్చు. వాటిని సరిచేసే అధికారం ఎవరిదో తేల్చకుండా డేటాబేస్‌లు కలిపితే అర్హుడి పేరే జాబితాలోంచి జారిపోతుంది. ప్రతి డేటాకూ బాధ్యుడైన అధికారి హోదాను జీవోలో రాయండి. వ్యక్తి పేరు రాస్తే బదిలీతో పాటే బాధ్యతా వెళ్లిపోతుంది.

మదింపు చేసే సంస్థను తర్వాతి టెండర్లో పాల్గొననివ్వకండి. శాఖ తనకు తాను వేసుకున్న మార్కు, వేరే శాఖ బృందం వేసిన మార్కు విడివిడిగా రావాలి. రెండింటికీ తేడా 2 ఉన్నచోటికి వెళ్లి చూడాలి. సచివాలయంతో ఆగకుండా మండల కార్యాలయంలో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగినీ అడగాలి. అసలు లోపాలు బయటపడేది అక్కడే.

గవర్నెన్స్‌లోగానీ డేటా బాధ్యతలోగానీ 2 కంటే తక్కువ వచ్చిన శాఖకు సాఫ్ట్‌వేర్ టెండర్ ఆపి, ముందు సిబ్బందినీ శిక్షణనూ ఇవ్వండి. ఏడాది తర్వాత అవే ప్రశ్నలతో మళ్లీ కొలిపించండి. ప్రశ్నలు మారిస్తే పాత మార్కుతో పోల్చడానికి వీలుండదు.

ఇట్లు,
ప్రభుత్వ ఐటీ ఆర్కిటెక్చర్ రంగంలో పనిచేస్తున్నవారం