ఆయిల్ ఫిల్టర్ కొనేముందు పెట్టె చదవండి

అందరికీ నమస్కారం. బెంగళూరు ఆటో విడిభాగాల బజారు జేసీ రోడ్డులో కారు ఫిల్టర్ కొనబోయేవాళ్ల కోసం ఇది.

పెట్టె మీది పేరు, తయారుచేసినవాళ్ల పేరు ఒకటే కానక్కర్లేదు. కార్ల కంపెనీలు చాలావరకు ఫిల్టర్లు బయట చేయించుకుని తమ పెట్టెలో పెట్టి అమ్ముతాయి. లేబుల్‌పై సన్నక్షరాల్లో తయారీదారు, ప్యాకర్, మార్కెటింగ్ పేర్లు విడివిడిగా చూడండి. బ్రాండ్లూ చేతులు మారతాయి: ఫిల్టర్ల బ్రాండ్ విక్స్ (WIX) 2016 నుంచి జర్మన్ కంపెనీ మాన్ ప్లస్ హమ్మెల్‌ది.

ఫిల్టర్ డబ్బా సైజు కుదిరిందని తీసుకోవద్దు, పార్ట్ నంబరే ముఖ్యం. ఫిల్టర్ బిగించడానికి ఇంజన్‌కి ఉండే మరల కడ్డీ, అంటే స్టడ్, 3/4 అంగుళం (19.05 మి.మీ.) అయితే, దాని మీద ఎం20 (20 మి.మీ.) థ్రెడ్ ఫిల్టర్ హాయిగా ఎక్కేస్తుంది, కానీ వదులుగా. ప్రెషర్‌కి ఊడిందంటే నిమిషాల్లో ఇంజన్ పోతుంది. ఫిల్టర్ పూడుకుపోతే ఆయిల్‌ని నేరుగా ఇంజన్‌కి వదిలే బైపాస్ వాల్వు తెరుచుకునే ప్రెషర్ కూడా ఇంజన్‌ని బట్టి మారుతుంది.

పొద్దున స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు టకటక శబ్దం వస్తోందా? ఫిల్టర్ లోపల ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే రబ్బరు వాల్వు గట్టిపడి ఉండొచ్చు. నైట్రైల్ రబ్బరు వేడికి త్వరగా బిరుసెక్కుతుంది, సిలికాన్ ఎక్కువ కాలం ఆగుతుంది. సిలికాన్ తరచూ నారింజ రంగులో ఉంటుంది గానీ, రంగు చూసి నమ్మేయకండి (రంగు వేయడం ఎవరికైనా చేతనవుతుంది).

బిగించేటప్పుడు పాత రబ్బరు రింగు ఇంజన్‌కే అతుక్కుందేమో తడిమి చూడండి. రెండు రింగులు పడితే లీకు ఖాయం. కొత్త రింగుకి కొత్త ఆయిల్ రాసి, అది ఇంజన్‌కి తగిలాక చేత్తోనే ఇంకో ముప్పావు చుట్టు తిప్పండి. డబ్బా మీద వేరే కొలత ఉంటే అదే. స్పానర్ విప్పడానికే.

ఇంజన్ ఒక నిమిషం తిప్పి ఆపి, ఐదు నిమిషాలాగి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూపే కడ్డీ) చూడండి. ఫిల్టర్ తాగినంత ఆయిల్ తగ్గి ఉంటుంది, పోయండి.