గ్రేవర్ వేగం గురించి శీనుకి

ఒరేయ్ శీనూ,

గ్రేవర్ గురించి, అదే మిషన్ దెబ్బలతో లోహం మీద నగిషీ గీతలు కోసే ఉలి గురించి, నీ ఉత్తరంలో అడిగింది ఒక్కటే ముక్క: "వెండికి ఎంత స్పీడు పెట్టాలి, స్టీలుకి ఎంత?" అక్కడే పొరబడుతున్నావురా. ముందు చూడాల్సింది లోహాన్ని కాదు, గీతనీ నీ చేతి నడకనీ. లోహం గట్టిదనాన్ని కాలి పెడల్‌తో పెంచి తగ్గించే దెబ్బ బలం చూసుకుంటుంది.

లెక్క చెప్తా విను. గ్రేవర్‌ని సెకనుకు 2 మి.మీ. తోస్తున్నావనుకో. స్పీడంటే నిమిషానికి పడే స్ట్రోకులు, అంటే దెబ్బలు. నిమిషానికి 900 స్ట్రోకులంటే సెకనుకు 15. ఒక్కో దెబ్బకి మొన 0.13 మి.మీ. ముందుకెళ్తుంది. ఆ మెట్లు కంటికి ఆనతాయి. వెండి మీదైతే గీత గోడ తళుక్కుమనాల్సిన చోట దువ్వెన పళ్లలా చారలు కనిపిస్తాయి. అదే నడకతో 3000 పెట్టు: సెకనుకు 50, ఒక్కో అడుగు 0.04 మి.మీ. గీత నున్నగా వస్తుంది.

మరి ఎప్పుడూ 3000లోనే ఉంచొచ్చు కదా అంటావు. స్ట్రోకులు పెరిగేకొద్దీ లోపలి పిస్టన్‌కి పరిగెత్తే జాగా తగ్గుతుంది, దెబ్బ తేలికవుతుంది. లోతు గీతలకీ, బొమ్మ వెనకున్న ఖాళీ నేల తవ్వడానికీ 800 నుంచి 1200 దాకా బరువైన దెబ్బలే కావాలి. మామూలు లతలకి 1500–2000తో మొదలుపెట్టు. వెంట్రుకంత సన్నని షేడింగ్‌కి 2500 దాటించు. మిషన్‌ని బట్టి ఇవి అటూ ఇటూ అవుతాయి.

మన గిన్నెల కొట్లో పేర్లు రాసే కరెంటు పెన్నుని మాత్రం దీనితో పోల్చకు. 50 హెర్ట్జ్ కరెంటు మీద అందులోని అయస్కాంతం నిమిషానికి 6000 సార్లు కొడుతుంది గానీ అది లోహాన్ని కోయదు, చుక్కలుగా నొక్కుతుంది. గ్రేవర్ తురుము లేపాలి.

మలుపుల్లో జాగ్రత్త. అక్కడ చెయ్యి తెలియకుండానే నెమ్మదిస్తుంది, మెట్లు దగ్గరపడతాయి. ఒకే గీతలో తిన్నని భాగం ఒకలా, వంపు ఇంకోలా మెరుస్తుంది. గ్రేవర్‌ని కాదు, ఎడమ చేత్తో బాల్ వైస్‌ని, అదే పనిని బిగించి గుండ్రంగా తిప్పే పట్టుని, ఒకే నడకలో తిప్పు. వంపు బయటి అంచు గరుకుగా వస్తే దోషం వేగానిది కాదు, మడమ (మొన అడుగున సానపట్టిన చిన్న తలం) పొడుగైంది. 0.3 మి.మీ.కి తగ్గించి మళ్లీ పాలిష్ చెయ్యి. మొదట్లో 120 డిగ్రీల వి మొన, ముఖం (మొన ముందు తలం) 45 డిగ్రీలు, మడమ 15 చాలు. స్టెయిన్‌లెస్ స్టీలుకి కార్బైడ్ (బాగా గట్టిదైనా పెళుసు) మొన వాడితే ముఖం 50కి పెంచు, లేకపోతే మొన ఎగిరిపోతుంది.

గీత సరిగ్గా తెగకపోతే చాలామంది వెంటనే దెబ్బ బలం పెంచేస్తారు. దయచేసి ఆ పని చెయ్యకు. ముందు 10 రెట్ల లూప్ (చిన్న భూతద్దం) కింద మొనని దీపానికేసి తిప్పి చూడు. వాడిగా ఉంటే చివర ఏమీ మెరవదు. సూదిమొనంత తెల్లటి చుక్క మెరిసిందంటే అక్కడ విరిగిందన్నమాట. బొటనవేలి గోరు మీద ఏటవాలుగా ఆనించినా తెలుస్తుంది: పట్టుకుంటే వాడి, జారితే మొద్దు. మొద్దు మొనకి బలం పెంచితే అది జారి పక్కనున్న పనినంతా గీసేస్తుంది. గీత చివర తురుము తెంపడానికి మొనని పైకి మీటకు. పెడల్ వదిలి, కాస్త వెనక్కి లాగి, మళ్లీ తక్కువ కోణంలో తురుముని తీసెయ్యి.

ఇప్పుడు 2 మి.మీ. మందం ఇత్తడి రేకు తీసుకో. 20 మి.మీ. పొడవు గీతలు మూడు గియ్యి, ఒక్కోటి సరిగ్గా 10 సెకన్లలో, సెల్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని. ఒకటి 900లో, ఒకటి 1800లో, ఒకటి 3000లో. పెడల్ మూడింటికీ ఒకేలా నొక్కు. పక్కనే మార్కర్‌తో అంకెలు రాసి, రేకుని కిటికీ వెలుగులో వాల్చి చూడు. తర్వాత 900లోనే 20 సెకన్లు తీసుకుని నాలుగోది గియ్యి. రెండో దాని పక్కన పెట్టి చూసి ఏం కనిపించిందో రాయి.

నీ
రాజు