'లీకుల ప్రకారం' అంటే చాలదు

సంపాదకులకు,

ఇంకా విడుదల కాని ఫోన్ల గురించి టెక్ పేజీల్లో వచ్చే వార్తలు చాలావరకు 'లీకుల ప్రకారం' అన్న మాటతో సరిపెట్టేస్తున్నాయి. ఏ లీకు? బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) జాబితానా, గీక్‌బెంచ్ (ఫోన్ వేగం కొలిచే యాప్) ఫలితమా, కవర్లు తయారుచేసే కంపెనీ గీసిన బొమ్మా?

బీఐఎస్ రిజిస్ట్రేషన్‌లో మోడల్ నంబరు ఉంటుంది కానీ ర్యామ్, కెమెరా వివరాలు ఉండవు. ఫోన్ భారత్‌కు వచ్చే అవకాశం ఉందని దాన్నిబట్టి చెప్పొచ్చు, అంతే. దాన్ని పట్టుకుని '200 మెగాపిక్సెల్ కెమెరా ఖరారు' అని రాసేస్తే ఎలా? కవర్ల కంపెనీల బొమ్మల్లో కొలతలు, కెమెరా రంధ్రాల చోటు చాలాసార్లు సరిపోతాయి. లోపల ఏ చిప్ ఉందో వాటిలో దొరకదు.

చిప్ కోసం గీక్‌బెంచ్ నయం. అయితే స్కోరు కన్నా కోర్ల (చిప్‌లో లెక్కలు చేసే భాగాల) అమరిక చూడాలి. 4.32 గిగాహెర్ట్జ్ కోర్లు రెండు, 3.53వి ఆరు, మదర్‌బోర్డు పేరు 'సన్' అని ఉంటే అది క్వాల్‌కామ్ కంపెనీ చిప్ స్నాప్‌డ్రాగన్ 8 ఎలైట్. ఆ పెద్ద కోర్లే 4.47 చూపిస్తే గెలాక్సీ కోసం వేగం పెంచిన రకం. 'పైనాపిల్' అంటే దానికి ముందుతరం 8 జెన్ 3. ర్యామ్ 7 చిల్లర జీబీ అని కనిపించినా అది 8 జీబీ ఫోనే. కొంత భాగాన్ని సిస్టమ్ ముందే అట్టిపెట్టుకుంటుంది. రూట్ చేసిన (సిస్టమ్‌పై పూర్తి అదుపు తీసుకున్న) ఫోన్‌లో మోడల్ పేరు మార్చి దొంగ ఫలితం ఎక్కించడం పెద్ద పనేం కాదు. అందుకని ఒకే ఒక్క ఫలితాన్ని నమ్మి శీర్షిక పెట్టకూడదు.

ఎక్కువగా బోల్తా పడేది బ్యాటరీ దగ్గర. ధ్రువీకరణ పత్రాల్లో సాధారణంగా ఉండేది రేటెడ్ కెపాసిటీ (కనీస సామర్థ్యం), ప్రచారంలో వాడేది టిపికల్ (సగటు). గెలాక్సీ ఎస్24 అల్ట్రాకు ఇవి 4855, 5000 ఎంఏహెచ్. మొదటి అంకె చూసి 'బ్యాటరీ తగ్గించారు' అని రాసేవాళ్లున్నారు. రెండు సెల్స్ ఉంటే గందరగోళం ఇంకా ఎక్కువ. వన్‌ప్లస్ 8టీలో 2250 ఎంఏహెచ్ సెల్స్ రెండు సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటిగా) ఉంటాయి. అలా కలిపితే వోల్టేజీ రెట్టింపవుతుంది, ఎంఏహెచ్ పెరగదు. అయినా శక్తి లెక్కన ఒకే సెల్ ఉన్న 4500కి సమానం కాబట్టి కంపెనీ 4500 అనే చెబుతుంది. పత్రంలో అంకె మరీ చిన్నగా ఉంటే పక్కన వోల్టేజీ చూడాలి: 3.8 దరిదాపుల్లో ఉంటే ఒక సెల్‌ది, 7.7 దరిదాపుల్లో ఉంటే సిరీస్‌లో రెండు.

చార్జర్‌ది సులువైన లెక్క. 9 వోల్టులు, 2.77 ఆంపియర్లు అని ఉంటే గుణించండి, 25 వాట్లు.

మన పాఠకుల జేబుకు తగిలే సంగతి మరొకటుంది. గెలాక్సీ ఎస్22 భారత్‌లో స్నాప్‌డ్రాగన్‌తో, యూరప్‌లో శాంసంగ్ సొంత చిప్ ఎక్సినోస్‌తో వచ్చింది. ఎస్24కి వచ్చేసరికి ఇక్కడా ఎక్సినోస్ 2400 ఇచ్చారు, అల్ట్రాకే స్నాప్‌డ్రాగన్. అమెరికాలో అమ్మే ఎస్24 (మోడల్ నంబరు ఎస్ఎం-ఎస్921యూ) స్కోరు చూసి ఇక్కడ ఎస్ఎం-ఎస్921బి కొన్నవారికి చేతికొచ్చింది వేరే చిప్. లీకు ఎక్కడిదో రాయడంతోపాటు మోడల్ నంబరును చివరి అక్షరంతో సహా అచ్చువేయమని మనవి.

– మొబైల్ సర్వీస్ టెక్నీషియన్, హనుమకొండ