ఒక్క కుక్కకు, కొన్ని వారాల చోటు

తల్లిదండ్రులకు నమస్కారం.

బడి గేటు దగ్గర ఈమధ్య తిరిగిన గోధుమరంగు కుక్కను మీలో చాలామంది చూసే ఉంటారు. దాని మెడ చుట్టూ వెంట్రుకలు అరిగిపోయి పట్టీ అచ్చు కనిపించేది. అంటే మొన్నటిదాకా ఎవరింట్లోనో పెరిగిందే. కారు ఆగిన ప్రతిసారీ లేచి నిలబడి తోక ఊపేది. దిగినవాళ్లను చూసి మళ్లీ కూర్చునేది. "దాని వాళ్లు ఎప్పుడొస్తారు మేడమ్?" అని మూడో తరగతి పాప నన్ను అడిగింది.

వీధిలో పుట్టిన కుక్కకు బండ్లను తప్పుకోవడం, తిండి వెతుక్కోవడం చిన్నప్పుడే అలవాటవుతాయి. ఇంట్లో పెరిగి వీధిన పడ్డదానికి ఆ రెండూ చేతకావు. అందుకే దాన్ని దిక్కులేని కుక్కలను చేరదీసే షెల్టర్‌కు పంపుదామనుకున్నాం. వాళ్లు ముందు వెటర్నరీ డాక్టర్ దగ్గర మైక్రోచిప్ (యజమానిని గుర్తించడానికి చర్మం కింద పెట్టే చిన్న చిప్) ఉందేమో చూపించమన్నారు. లేదు. ఆ తర్వాత చెప్పిందే అసలు ఇబ్బంది: చోటు ఖాళీ లేదు.

షెల్టర్‌కు గోడలు, గిన్నెలు ఉంటే సరిపోదు. కొత్తగా వచ్చిన కుక్కను కొన్నాళ్లు విడిగా ఉంచాలి. కిక్కిరిసిన చోట పార్వో, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బులు ఒకదాన్నుంచి ఒకదానికి ఇట్టే అంటుకుంటాయి. పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. కుక్కపిల్లలకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో టీకాలు మొదలుపెట్టి, 16 వారాలు దాటేదాకా విడతలవారీగా వేయాలి. అన్నాళ్లూ వాటికి ప్రాణగండమే. ఒక ఇల్లు ఒక కుక్కను కొన్ని వారాలు ఉంచుకుంటే షెల్టర్‌లో ఇంకో దానికి చోటు దొరుకుతుంది. గేటు దగ్గరి కుక్కను మా ఆఫీసు సిబ్బందిలో ఒకరు అలాగే తీసుకెళ్లారు. దత్తతకు ఎవరైనా వచ్చేదాకా వాళ్లింట్లోనే ఉంటుంది.

మీలో ఎవరికైనా వీలుంటే ముందుకు రండి. పగలు ఇంట్లో ఒక పెద్దవాళ్లు, కుక్కకు విడిగా ఒక మూల ఉండాలి. బాధ్యత పిల్లల మీద వదిలేయకూడదు. తాత్కాలికంగా కూడా కుదరకపోతే పాత తువ్వాళ్లు, దుప్పట్లు, వార్తాపత్రికలు పంపండి. దిండ్లు మాత్రం వద్దు, కుక్కలు చింపి దూది మింగేస్తాయి.

కుక్కలంటే భయపడే తల్లిదండ్రులు ఉన్నారని నాకు తెలుసు. ఆ భయం న్యాయమైనదే. మనుషులకు రేబిస్ చాలావరకు కుక్కకాటుతోనే వస్తుంది, లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం. అయితే కుక్కల్లో 70 శాతానికి టీకా వేస్తే ఆ జబ్బు వ్యాప్తి ఆగిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చేరదీసి టీకా వేసి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడం మన పిల్లల భద్రత కోసం కూడా.

ఇంకో మాట, ఇది చాలా ముఖ్యం. ఇంట్లో తిడతారనే టెన్షన్‌తో పిల్లలు కుక్క గీరినా, కరిచినా దాచేస్తారు. "ఏం జరిగినా చెప్పు, తిట్టను" అని ఈరోజే చెప్పండి. గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లాలి. తింటున్న, నిద్రపోతున్న, పిల్లల్ని పెట్టుకున్న కుక్క జోలికి పోవద్దని బడిలో మేం చెబుతున్నాం, మీరూ చెప్పండి. సెప్టెంబర్ 28న, ప్రపంచ రేబిస్ దినం రోజున, అసెంబ్లీలో వెటర్నరీ డాక్టర్ పిల్లలతో మాట్లాడతారు. మీరూ రావచ్చు.

పుట్టినరోజు కానుకగా కుక్కపిల్లను తేవాలనుకుంటున్నవాళ్లు కాస్త ఆగండి. కుక్క పది పన్నెండేళ్లు బతుకుతుంది. ఇప్పుడు మూడో తరగతిలో ఉన్న మీ పాప కాలేజీకి వెళ్లినా దానికి అన్నం పెట్టాల్సింది, నడిపించాల్సింది మీరే. అందుకు సిద్ధమైతే షెల్టర్ నుంచే తెచ్చుకోండి.

కుక్కను ఉంచుకోగలవాళ్లు ఈ లేఖతో వచ్చిన కాగితం నింపి వచ్చే శుక్రవారంలోగా క్లాస్ టీచర్‌కు పంపండి. దుప్పట్లు ఉతికి, సంచిలో పెట్టి ఆఫీసులో ఇస్తే చాలు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు